చదరంగపు బలమునకు కొలత

మూసీనది పుట్టిన అనంతగిరి కొండలు దాటి, తాండూరు మీదుగా వాయవ్యమునకు పోయినచో, పూర్వము పశ్చిమ చాళుక్యులకు రాజధానియై వెలసిన కల్యాణపురము వచ్చును. ఆ పురము నేలిన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున సంకలించిన మానసోల్లాసమున, ఏనుగులు, వంటకములు, నృత్యగీతములు మున్నగు రాజవినోదముల నడుమ చతురంగమునకును చోటు దక్కినది. నేడు వికారాబాదులోగాని తాండూరులోగాని చదరంగపు బల్ల పఱచుకొను ప్రతివాడును తనకు తెలియకయే ఆ పొరుగురాజు వినోదమునకు వారసుడు. అయితే ఆడినవారిలో ఎవడు ఎవనికంటె ఎంత మేటి అను ప్రశ్న ఆటతోపాటు పుట్టినను, దానికి నమ్మదగిన సమాధానము దొరకుటకు వేయేండ్లకు పైగా పట్టినది.

ఈ ఆట పారసీకులకును, వారినుండి అరబ్బులకును చేరిన పిమ్మట, బాగ్దాదు ఖలీఫాల కాలమున ఆటగాండ్రను ఐదు తరగతులుగా విభజించి, పై తరగతివాడు క్రింది తరగతివానితో ఆడునపుడు తన బలములలో కొంత ముందుగానే తొలగించి ఆడవలెనను మర్యాదను నెలకొల్పిరి. బంటును విడిచినను ఓడింపగలిగినవాడు కొంత మేటి; గుఱ్ఱమును విడిచినను ఓడింపగలిగినవాడు అంతకంటె మేటి; ఏనుగును విడిచియు గెలువగలిగినచో ఇక వాదమే లేదు. ఐరోపాలోను పందొమ్మిదవ శతాబ్దమంతయు ఈ పద్ధతియే ప్రబలియుండెను. ఇది సత్యమైన కొలతయే. ఎందుకనగా ఇద్దఱిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి తూచినదే గాని ఊహించి చెప్పినది కాదు. కాని ఆ తూకము ఆ ఇద్దఱికే పరిమితము. వారు ఎన్నడును చూడని మూడవవానిని గూర్చి అది ఏమియు చెప్పజాలదు.

మన నేలపై దీనికి చక్కని నిదర్శనము గలదు. 1829లో చెన్నపట్టణమున అచ్చయిన ఒక పుస్తకమున గులాం కాసిం, జేమ్స్ కాక్రేన్ అను ఇరువురు, చెన్నపట్టణమునకును హైదరాబాదునకును మధ్య ఉత్తరముల మూలమున జరిగిన రెండాటలను వ్యాఖ్యానసహితముగా ప్రకటించిరి. రైలుగాని తంతిగాని లేని ఆ దినములలో ఒక్కొక్క ఎత్తు కొండలను, నదులను దాటి ప్రయాణము చేయవలసినదే గదా! ఆ ఆటలు నేటికిని నిలిచియున్నవి. అయినను ఆనాటి హైదరాబాదు ఆటగాండ్ర బలము నేటి లెక్కలో ఎంత యని అడిగినచో, ఆ రెండాటలను ఎంత శోధించినను సంఖ్య తేలదు. ఎత్తుల సొగసును చూచి బలమును ఊహింపవచ్చును గాని గణింపరాదు. గణనకు అనేకులతో ఆడిన అనేక ఫలితముల గొలుసు కావలెను.

ఆ గొలుసు ఏర్పడవలెనన్న మనుష్యులు కలియవలెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదు వఱకు నిజాము రైలుమార్గము తెఱవబడినపుడు తాండూరును వికారాబాదును ఆ దారిపై నిలిచినవి. 1956 వఱకు గుల్బర్గా జిల్లాకు చెందియుండిన తాండూరు తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడు చోటు. ఇట్టి కూడలిలో ఆట నేర్చినవారికి లోటుండదు గాని, ఒక ఊరివారు తమలో తామే ఎన్నియేండ్లు ఆడుకొన్నను, ఆ ఊరి మేటి లోకమున ఏ మెట్టుపై నున్నాడో వారికి తెలియుటకు వీలులేదు. అంతేకాక, బంటు మొదటి ఎత్తున సయితము ఒక్క గడియే నడచుట, రాజునకు కోట కట్టుకొనుటకు మాఱుగా ఒకసారి గుఱ్ఱపుటెత్తు వేయు హక్కుండుట మున్నగు దేశీయ నియమములతో ఆడిన ఆట వేఱు, అంతర్జాతీయ నియమములతో ఆడునది వేఱు. 1951లో అఖిల భారత చదరంగ సమాఖ్య ఏర్పడిన తరువాతనే దేశమంతట పోటీలు ఒక్క నియమావళి క్రిందికి క్రమముగా వచ్చినవి.

గొలుసును గణితముగా మార్చినవాడు ఆర్పాడ్ ఎలో. 1903లో హంగరీదేశమున పుట్టి, బాల్యముననే అమెరికాకు వలసపోయి, మిల్వాకీలో భౌతికశాస్త్రము బోధించిన ఈ ఆచార్యుని పద్ధతిని అమెరికా సమాఖ్య 1960లోను, అంతర్జాతీయ సమాఖ్యయైన ఫిడే 1970లోను స్వీకరించినవి. దాని మూలసూత్రము సులభము. ఇద్దఱి రేటింగుల, అనగా బలమును సూచించు సంఖ్యల, భేదమునుబట్టి ఎవరికి ఎన్ని పాయింట్లు రావలెనో ముందే నిర్ణయమగును: భేదము 100 అయినచో పైవానికి నూటికి 64, 200 అయినచో 76, 400 అయినచో 92. అనుకొన్నదానికంటె ఎక్కువ సాధించినవాని సంఖ్య పెరుగును, తక్కువ సాధించినవానిది తఱుగును. 1500 గలవాడు 1700 గలవానితో ఆడి గెలిచెననుకొందము; అతనినుండి ఆశించినది 0.24 మాత్రమే కనుక, సాధించినదానికిని ఆశించినదానికిని గల భేదమును గుణించు మార్పుగుణకము 20 అయినచో, అతని రేటింగునకు 15.2 పాయింట్లు కలియును. ఓడినచో పోవునది 4.8 మాత్రమే. డ్రా చేసినను 5.2 లాభము.

ఎలో తన కొలతను దైవవాక్యముగా భావింపలేదు. గాలికి ఊగు త్రాటికి కట్టిన కొలబద్దతో, నీటిపై ఎగసిపడు బెండు ఎత్తును కొలుచుటవంటిదని ఆయనయే చెప్పెను. సంఖ్య మనిషిలో ఉండునది కాదు, మనుష్యుల నడుమ ఉండునది. దీనికి ప్రబలమైన సాక్ష్యము 2024 మార్చిలో కనబడినది: మొదట 2200 గానుండి క్రమక్రమముగా 1000 వఱకు దిగిన కనిష్ఠ రేటింగు పరిమితిని ఫిడే 1400కు పెంచి, 2000కు లోబడినవారందఱి రేటింగును ఒక లెక్క ప్రకారము సవరింపగా, 1500 గలవాడు ఒక్క రాత్రిలో 1700 గలవాడయ్యెను. ఒక్క ఎత్తైనను కొత్తగా నేర్వకయే 200 పాయింట్లు! ఫోనులో ఆడువారికి కనబడు సంఖ్యయు ఇట్టిదే. అది ఆ సమూహమునకు చెందినది, దానిని ఫిడే సంఖ్యతో పోల్చి గర్వించుటయు కుందుటయు రెండును వ్యర్థము.

ఐనను ఈ కొలత మన ఊళ్లకు చేసిన మేలు సామాన్యము కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2007లో 2600 దాటినపుడు, జుడిత్ పోల్గార్ తరువాత ఆ ఎత్తునకు చేరిన రెండవ స్త్రీ యని లోకమంతయు ఒప్పుకొనినది. వరంగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు పట్టికలో 2801తో, విశ్వనాథన్ ఆనందు తరువాత 2800 దాటిన రెండవ భారతీయుడయ్యెను. ఎవరి సిఫారసును, ఏ ఆస్థానమును అడుగక, చిన్న పట్టణమువారిని మహానగరమువారి ప్రక్కన నిలుపునది ఈ పట్టికయే. అందుచేతనే దానియెడల నాకు గౌరవము.

ఇక నాపరాళ్ల వ్యాపారమో, కందుల వ్యాపారమో, కొలువో చేసికొనుచు సాయంకాలము ఆడు ఔత్సాహికుడు ఎదుగుట యెట్లు? ఈ స్థాయిలో ఆటలు గంభీరమైన వ్యూహములవలన ఓడిపోవుట అరుదు. ఎదుటివాడు వేసిన ఎత్తు దేనిని బెదరించుచున్నదో చూడక, ఊరకయే బలమును పోగొట్టుకొనుటవలన ఓడిపోవుదురు. కనుక ప్రతి ఎత్తునకు ముందు ఆ ఒక్క ప్రశ్నను అడుగుకొను అలవాటు, ప్రారంభపు ఎత్తుల పుస్తకము లన్నింటికంటె ఎక్కువ పాయింట్లు తెచ్చును. నిదానపు ఆటలే ఆడవలెను, ఆడినదానిని వ్రాసికొనవలెను, ఓడిన ఆటను యంత్రమునకు చూపుటకు ముందు తానే కూర్చుండి, ఎచ్చట తన ఆలోచన తప్పుదారి పట్టెనో గుర్తింపవలెను. యంత్రము తప్పును చూపును గాని ఆ తప్పు ఎందుకు తోచెనో చెప్పదు. రాజును బంటును మాత్రమే మిగిలిన ఆఖరాటను, ఏనుగుల ఆఖరాటను క్షుణ్ణముగా నేర్చినవాడు, అంతకుముందు ఏ బలములను మార్చుకొనవలెనో తెలిసి ఆడును. అన్నిటికంటె ముఖ్యముగా, సంఖ్యను కాపాడుకొనుటకై ఆటను మానరాదు. తనకంటె నూఱు, రెండువందలు ఎక్కువ గలవారిని వెదకి ఆడవలెను, ఓటమికి పోవునది స్వల్పమని పై లెక్కయే చెప్పుచున్నది.

మొదటి రేటింగు పొందుటకు, రేటింగు గలవారితో కనీసము ఐదు ఆటలు ఆడవలెను. తొలి పోటీలో అర పాయింటైనను రాకున్నచో ఫిడే దానిని లెక్కలోనికే తీసికొనదు. తాండూరునుండి రైలెక్కి హైదరాబాదు పోటీకి పోయి, ఆడినవన్నియు ఓడి వచ్చిన బాలునకు పోయిన పాయింటు ఒక్కటియు లేదు. తనకంటె మేటివారితో ఆడిన ఆటల ఎత్తులన్నియు మాత్రము తన చేతివ్రాతతోనే అతని సంచిలో నున్నవి.