నీలితారల యౌవన రహస్యము

మేము ముప్పది యేండ్లు కచ్చేరిలో ఉద్యోగుల సర్వీసు పుస్తకములు వ్రాసినవారము. ఒకే యేడు కొలువున చేరినవారిలో ఒక్కరు మాత్రము తల నెరయక తిరుగుచుండినచో, పుట్టిన తేదీని మరల తీసి చూచుట మాకు వాడుక. 1953లో అలన్ సాండేజ్ అను అమెరికా జ్యోతిశ్శాస్త్రజ్ఞునికిని ఇట్టి సందేహమే కలిగెను.

ఆయన ఎం 3 అను గోళాకార తారాగుచ్ఛమును పరిశీలించుచుండెను. అట్టి గుచ్ఛములోని తారలు ఇంచుమించు ఒక్కమారే పుట్టినవి. నీలితార మిక్కిలి బరువైనది, వేడి గలది; తన యుదజనిని వేగముగా వ్యయము చేసికొని త్వరలో నశించును. కావున ముసలి గుచ్ఛమున నీలితార మిగిలియుండరాదు. అయినను కొన్ని కనబడెను. తోడివారు సాగిపోగా వెనుక చిక్కిన బాటసారులవలె నున్నందున వానికి 'బ్లూ స్ట్రాగ్లర్స్' అను పేరు నిలిచెను. ఇది చిన్న చిక్కు కాదు. గుచ్ఛముల వయస్సును కట్టు లెక్క యంతయు ఈ సూత్రముమీదనే యాధారపడియున్నది. లెక్క తప్పో, తారలలోనే యేదేని మర్మము కలదో తేలవలసియుండెను.

దానిని విప్పుటకు ఆల్గాల్ అను తార తోడ్పడినది. అది దాదాపు మూడు దినముల కొకమారు మసకబారుటను 1783లో ఇంగ్లండునందు జాన్ గుడ్రిక్ అను పదునెనిమిదేండ్ల చెవిటి యువకుడు ప్రకటించి, వేరొక గోళము అడ్డువచ్చుట కారణము కావచ్చుననెను. అది జంటతార యని పిమ్మట ఋజువయ్యెను. వింత యేమన, ఆ జంటలో తేలికైనదే ముందు ముసలిదైనది! 1955లో జాన్ క్రాఫర్డ్ సమాధానము చెప్పెను: ఆ తేలికతార యొకప్పుడు బరువైనదే, తన పదార్థమును తోడుతారకు కోల్పోయినది. 1964లో విలియం మెక్రీ దీనినే నీలితారలకు అన్వయించెను.

జంటలో బరువైన తార ముందు ముసలిదై, ఎఱ్ఱబడి యుబ్బును. రెంటి యాకర్షణలకు నడుమ పొలముగట్టు వంటి హద్దు కలదు. ఉబ్బిన వాయువు ఆ గట్టు దాటినచో తోడుతార పాలగును. క్రొత్త యుదజని చేరినకొలది తోడుతార బరువెక్కి, వేడెక్కి, నీలమగును. ఇచ్చిన తారకు మిగులునది నడిమి గట్టిభాగమే. దానినే శ్వేత కుబ్జతార యందురు. యయాతి పూరుని యౌవనమును గ్రహించిన కథ మనవారెల్లరు వినినదే. యయాతి దానిని తిరిగి యిచ్చెను. ఈ తార యీయదు.

సాక్ష్యము లేనిదే దావా నిలువదు గదా! ధ్రువనక్షత్రమునకు సమీపమున కనబడు ఎన్.జి.సి. 188 గుచ్ఛమునందు 21 నీలితారలలో 16 జంటలలోనివేయని 2009లో మాథ్యూ, గెల్లర్ అనువారు చూపిరి. తోడుతారల బరువు సూర్యుని బరువులో సుమారు సగమని 2011లో తేలెను. 2014లో గాస్నెల్ ప్రభృతులు హబుల్ దూరదర్శినితో మూడు శ్వేత కుబ్జములను అతినీలలోహిత కాంతిలో పట్టిరి. ఇక మన శ్రీహరికోటనుండి 2015 సెప్టెంబరు 28న ఎగసిన ఆస్ట్రోశాట్ సాయముతో, మరుసటి యేడు బెంగుళూరు ఖగోళభౌతిక సంస్థకు చెందిన అన్నపూర్ణి సుబ్రమణ్యం ప్రభృతులు అదే గుచ్ఛమున మరియొక నీలితారకు వేడిమిగల తోడు కలదని ప్రకటించిరి.

కిక్కిరిసిన గుచ్ఛములలో రెండు తారలు ఢీకొని యొక్కటియై నీలితార యగుటయు కలదు. ఎం 3 వంటి చోట్ల ఏ దారిన ఎన్ని పుట్టినవను లెక్క ఇంకను ముగియలేదు.