ముంచుడు బాప్తిస్మం పాలమూరుకు ఎట్లా వచ్చింది?

కొత్తకోట, వనపర్తి వైపు ఎం.బి. చర్చిలో బాప్తిస్మం చూసినవాళ్లకు ఈ తీరు తెలుసు. పాస్టరు నడుములోతు నీళ్లలో నిలబడతాడు. దిగినవాళ్లు చేతులు జోడించి ఛాతీకి ఆనించుకుంటారు. యేసును సొంత రక్షకుడిగా నమ్ముకున్నావా అని అడిగి, అవునన్నాక వీపు కింద చెయ్యివేసి వెల్లకిలా ముంచి లేపుతాడు. పసిబిడ్డలకు ఇక్కడ ప్రార్థనే, బాప్తిస్మం లేదు. మనసంతా దేవుడికిస్తానన్న మాట ఎవరిది వాళ్లే చెప్పాలి.

ఈ పట్టింపు పుట్టింది జ్యూరిక్‌లో. 1525 జనవరిలో కొన్రాడ్ గ్రెబెల్, ఫెలిక్స్ మాంజ్ వంటివాళ్లు పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం పుచ్చుకున్నారు. అప్పుడు నీళ్లు పోయడమే, ముంచడం కాదు. నగర పాలకులకు అదీ నేరమే: 1527 జనవరిలో మాంజ్‌ను లిమ్మత్ నదిలో ముంచి చంపారు. మెన్నో సైమన్స్ పేరుమీద మెన్నోనైట్లయిన ఈ జనం దేశాలు మారుతూ రష్యా సామ్రాజ్యంలోని నేటి ఉక్రెయిన్ చేరారు. తరాలు గడిచేసరికి అక్కడా భక్తి ఇంటిపేరులాగా పుట్టుకతో వచ్చేదైపోయింది. ఇది భక్తేనా అంటూ 1860 జనవరి 6న 18 మంది కుటుంబ పెద్దలు సంతకాలు పెట్టి వేరుపడ్డారు. వాళ్లే మెన్నోనైట్ బ్రదరెన్, మన ఎం.బి. వాళ్లు. ముంచుడు బాప్తిస్మాన్ని పట్టుకున్నదీ అదే ఏడు.

తెలుగునాట ఆ పద్ధతి అప్పటికే బాప్టిస్టుల చేతుల్లో ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి కూలి ఇప్పించాడు. గింజల కోసం మతంలోకి వస్తారేమోనని బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. సాయం అయిపోయిందన్నా జనం వదల్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ముంచింది తెలుగు బోధకులే.

బాప్టిస్టులు 1885లో పాలమూరులో మిషన్ పెట్టారు. హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీలో చదివిన రష్యా మెన్నోనైట్ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో వాళ్ల తరఫునే నల్లగొండకు వచ్చాడు. 1899 నుంచి అమెరికా ఎం.బి. వాళ్లు వచ్చి నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండల్లో కేంద్రాలు కట్టారు. 1937లో బాప్టిస్టుల పాలమూరు (మహబూబ్‌నగర్) మిషన్ కూడా వాళ్ల చేతికొచ్చింది. సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగ, మాల కుటుంబాలవాళ్లు. ఊరు వాళ్లను అడిగి ఏదీ నిర్ణయించని రోజుల్లో, నీళ్ల ముందు ఒక్కొక్కరినీ నీ మాటేమిటని అడిగారు.

ఆ కుటుంబాల్లో ఇప్పుడు మునిమనవళ్ల తరం నడుస్తోంది. పుట్టుకతో వచ్చిన భక్తి చాలదని 1860లో తేల్చినవాళ్ల సంఘమే ఇది. అందుకే తాత ముత్తాతల పేర్లు రిజిస్టరులో ఎన్ని ఉన్నా, పాస్టరు ప్రశ్నకు పిల్లవాడు తన నోటితో తానే జవాబు చెప్పాలి.