పాట కింద బ్రాకెట్లో ఎవరి పేరు?

మన పిల్లలు ఈ మధ్య ఫోన్‌లో పాటలు పాడి, పక్కన 'కవర్' అని రాసి పెడుతున్నారు. బాగుంది. ఈ మాట అమెరికా రికార్డుల వ్యాపారంలో పుట్టింది. ఒక కంపెనీ పాట బాగా అమ్ముడవుతుంటే ఇంకో కంపెనీ అదే పాటను తన గాయకుడితో హడావిడిగా పాడించి బజారులోకి దించేది. 1950లలో ఈ పోటీకి జాతి వివక్ష కూడా తోడైంది. నల్లజాతి వాళ్ల పాటలను బిల్‌బోర్డ్ పత్రిక 1949 దాకా 'రేస్ రికార్డ్స్' అనే వేరే పట్టికలో వేసేది. ఆ ఏడు దాని పేరును 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది కానీ పట్టిక వేరుగానే ఉండిపోయింది. లిటిల్ రిచర్డ్ 1955లో గొంతు చించుకుని పాడిన 'టూటీ ఫ్రూటీ' పెద్ద పట్టికలో 17వ స్థానం దాకా వెళితే, అదే పాటను పాట్ బూన్ అనే తెల్ల గాయకుడు మెత్తగా పాడి 12వ స్థానానికి తీసుకెళ్లాడు. రెండూ విని చూడండి, మేము చెప్పాల్సిన పని ఉండదు.

ఆదివాసీ సంఘం సంచికలో రాక్ బృందాల చరిత్ర ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. మన పాటలు సినిమాల్లోకి, ఆల్బమ్‌లలోకి 'జానపదం' అనే ఒక్క మాట తగిలించుకుని వెళ్లిపోతున్నాయి. పాడిన మనిషి పేరు ఎక్కడ జారిపోతుందో తెలియాలంటే, అది బాగా జరిగిన చోట, ఆధారాలు మిగిలిన చోట చూడాలి.

పాత రికార్డు మధ్యలో గుండ్రని కాగితం అంటించి ఉంటుంది. దాని మీద పాట పేరు, ఆ కింద బ్రాకెట్లో చిన్న అక్షరాలతో రచయిత పేరు, ఇంకా కింద పాడినవాళ్ల పేరు. జనం చూసేది పాడినవాళ్ల పేరునే. రచయితకు రావాల్సిన రాయల్టీ డబ్బు మాత్రం బ్రాకెట్లో ఉన్న పేరు వెంట నడుస్తుంది. పాటకు మూలం వెతికేవాళ్లు కూడా అక్కడి నుంచే మొదలుపెడతారు.

బీటిల్స్ సంగతి సులువు. 1963 మార్చిలో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో 14 పాటలుంటే 6 వేరేవాళ్లవి. 'ట్విస్ట్ అండ్ షౌట్' వినగానే జనానికి బీటిల్సే గుర్తొస్తారు. కానీ అంతకుముందు ఏడాది దాన్ని హిట్ చేసింది ఐస్లీ బ్రదర్స్. వాళ్లకన్నా ముందు 1961లో టాప్ నోట్స్ అనే బృందం పాడింది, ఎవరూ పట్టించుకోలేదు. రాసిన ఇద్దరూ ఫిల్ మెడ్లీ, బర్ట్ బర్న్స్. బీటిల్స్ రికార్డు మీద కూడా వాళ్ల పేర్లే ఉన్నాయి. ఇది సక్రమంగా జరిగిన కవర్.

'హౌండ్ డాగ్' అంత తేలిక కాదు. ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడి ప్రపంచాన్ని ఊపేశాడు. ఆయన దాన్ని నేర్చుకున్నది లాస్ వేగాస్‌లో ఫ్రెడ్డీ బెల్ అండ్ ది బెల్‌బాయ్స్ అనే బృందం దగ్గర. వాళ్లు సాహిత్యం కొంత మార్చేశారు. అంతకు ముందు 1952లో మొదట రికార్డు చేసింది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి స్త్రీ. 1953లో అది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అయితే పాట రాసింది ఆమె కాదు, ఆమె కోసమే రాసిన జెర్రీ లీబర్, మైక్ స్టాలర్ అనే ఇద్దరు తెల్ల కుర్రాళ్లు. మరి మూలం ఎవరిది? రచన వాళ్లది. ఆ పాటకు ప్రాణం పోసిన గొంతు, కేకలు, విరుపులు ఆమెవి. అప్పటి చట్టంలో గొంతుకు వాటా లేదు. తనకు అందింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె చెప్పుకునేది.

పేరు బ్రాకెట్లో ఉన్నా హక్కు చేతిలో లేకపోతే ఏమవుతుందో 'లూయీ లూయీ' చూపిస్తుంది. రిచర్డ్ బెర్రీ 1955లో రాసి, తానే పాడి 1957లో విడుదల చేశాడు. పెళ్లి ఖర్చులకు డబ్బు కావాల్సి 750 డాలర్లకు హక్కులు అమ్మేసుకున్నాడు. 1963లో కింగ్స్‌మెన్ బృందం దాన్ని పాడితే దేశమంతా మోగింది. మాటలు సరిగా అర్థంకాక, బూతులేమైనా ఉన్నాయేమోనని ఎఫ్‌బీఐ విచారణ కూడా చేసింది! బెర్రీకి హక్కుల్లో కొంత భాగం తిరిగి వచ్చేసరికి 1980లు వచ్చాయి.

రోలింగ్ స్టోన్స్ విషయంలో మాకు రెండు అభిప్రాయాలున్నాయి. వాళ్ల బృందం పేరే మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాట నుంచి వచ్చింది, ఆ సంగతి వాళ్లు దాచలేదు. 1964 చివర 'లిటిల్ రెడ్ రూస్టర్'ను బ్రిటన్‌లో మొదటి స్థానానికి తీసుకెళ్లారు. అది విల్లీ డిక్సన్ రాయగా హౌలిన్ వుల్ఫ్ 1961లో పాడిన పాట. 1965 మేలో అమెరికా టీవీలో 'షిండిగ్' కార్యక్రమానికి పిలిచినప్పుడు హౌలిన్ వుల్ఫ్‌ను కూడా ఆ వేదిక మీదికి రప్పించి, ఆయన పాడుతుంటే కాళ్ల దగ్గర కూర్చుని విన్నారు. గురువుకు ఇవ్వాల్సిన మర్యాద అదీ. అదే బృందం 1968లో 'ప్రాడిగల్ సన్' అనే పాటను ఆల్బమ్‌లో వేసి, రచయితలుగా తమ పేర్లే అచ్చేసుకుంది. ఆ పాట రాబర్ట్ విల్కిన్స్ అనే పాస్టరుది. ఆయన 1929లోనే దాన్ని వేరే మాటలతో రికార్డు చేసి, తర్వాత బైబిల్ కథగా మార్చి పాడుకున్నాడు. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. పేరు ఆ తర్వాత సరిదిద్దారు.

లెడ్ జెప్లిన్ 1969లో వేసిన 'హోల్ లాటా లవ్' సంగతి కోర్టుకెక్కింది. అందులోని మాటలు చాలావరకు విల్లీ డిక్సన్ రాసి, మడ్డీ వాటర్స్ 1962లో పాడిన 'యూ నీడ్ లవ్' నుంచి వచ్చినవే. డిక్సన్ 1985లో దావా వేశాడు, 1987లో రాజీ కుదిరింది, ఇప్పుడు రచయితల్లో ఆయన పేరు కూడా ఉంటుంది. షికాగోలో ఆయన పాటలు పుట్టిన చెస్ రికార్డ్స్ పాత భవనం ఇప్పుడు ఆయన స్థాపించిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ చేతిలో ఉంది. ఆధారం దొరికింది కాబట్టి ఇదంతా జరిగింది. 1962 నాటి రికార్డు మీద పేరు, సంవత్సరం ఉన్నాయి.

ఆధారమే లేని పాటల మాటేమిటి? మనకు దగ్గరగా వచ్చేది ఇక్కడే. 1964లో ఇంగ్లండ్ ఉత్తరాదిన న్యూకాసిల్ నుంచి వచ్చిన యానిమల్స్ బృందం 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' పాడింది. అట్లాంటిక్‌కు రెండు వైపులా మొదటి స్థానం. బ్రాకెట్లో ఏముందంటే: సంప్రదాయ గీతం, కూర్పు అలన్ ప్రైస్. బృందంలో ఉన్నది ఐదుగురు. అందరి పేర్లకూ లేబుల్ మీద చోటు లేదని ఒక్క పేరే వేశారని మిగతావాళ్లు తర్వాత చెప్పుకున్నారు. కూర్పు తాలూకు రాయల్టీ ఆ ఒక్కరికే వెళ్లింది. సంప్రదాయం అన్న మాట ముందు పాడినవాళ్లను చెరిపేస్తే, చోటు లేకపోవడం తోటివాళ్లను చెరిపేసింది.

ఆ 'సంప్రదాయం' వెనుక మనుషులున్నారు. 1933లో క్లారెన్స్ ఆష్లీ, గ్వెన్ ఫోస్టర్ దాన్ని రికార్డు చేశారు. 1937లో అలన్ లోమాక్స్ అనే పాటల సేకర్త రికార్డింగు యంత్రం వేసుకుని కెంటకీ రాష్ట్రంలో మిడిల్స్‌బరో అనే ఊరికి వెళ్లి, జార్జియా టర్నర్ అనే 16 ఏళ్ల గని కార్మికుడి కూతురు పాడగా ఎక్కించుకున్నాడు. పాటతోపాటు ఆమె పేరు, ఊరు, తేదీ కూడా రాసుకున్నాడు. ఆ నాలుగు ముక్కలే లేకపోతే ఈ రోజు ఆమె ఎవరో మనకు తెలిసేది కాదు.

మన దగ్గర సంప్రదాయం అంటే ఎవరిదీ కానిదని అర్థం లేదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఏ గోత్రం కథను ఏ పర్ధాన్ కిక్రి పట్టుకుని పాడాలో తరతరాలుగా తేలి ఉంది. కోయల్లో డోలి కళాకారులు పడిగె ఎత్తి వంశ చరిత్రలు చెబుతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మ కథ చెప్పారంటే అది ఎవరో 'అజ్ఞాత జానపదుడు' చెప్పిన కథ కాదు. పాటకు ఇల్లుంది, ఆ ఇంటికి పేరుంది. కాగితం మీదికి ఎక్కేటప్పుడే ఆ పేరు పోతోంది.

ఇక సాలమన్ లిండా కథ. మా యువజన బృందంలో ఎక్కువసేపు మాట్లాడుకున్నది దీని గురించే. ఆయన జులూ జాతి మనిషి, దక్షిణాఫ్రికాలో మ్సింగా ప్రాంతం వాడు. పల్లెలో పశువులు కాసి, పని వెతుక్కుంటూ జోహానెస్‌బర్గ్ చేరాడు. 1939లో తన ఈవెనింగ్ బర్డ్స్ బృందంతో గాలో కంపెనీ స్టూడియోలో 'మ్బూబే' అనే పాట పాడాడు. జులూ భాషలో ఆ మాటకు సింహం అని అర్థం. మూడోసారి పాడుతున్నప్పుడు చివర్లో అప్పటికప్పుడు ఒక రాగం ఎత్తుకున్నాడు, తర్వాత ప్రపంచమంతా పాడుకున్నది ఆ కొద్ది క్షణాల రాగమే. హక్కులకు ఆయనకు ముట్టింది 10 షిల్లింగులు. రికార్డు ఆఫ్రికాలో లక్ష దాకా అమ్ముడైంది.

ఆ రికార్డు లోమాక్స్ చేతి మీదుగా అమెరికాలో పీట్ సీగర్‌కు చేరింది. 'ఉయింబూబే' అన్నది ఆయన చెవికి 'వీమోవే'గా వినిపించింది. 1950ల మొదట్లో వీవర్స్ బృందం ఆ పేరుతోనే పాడింది. బ్రాకెట్లో పాల్ క్యాంప్‌బెల్ అని వేశారు, అలాంటి మనిషే లేడు, అది బృందం వాడుకున్న మారుపేరు. 1961లో టోకెన్స్ అనే కుర్రాళ్ల బృందం జార్జ్ వైస్ రాసిన కొత్త ఇంగ్లిష్ మాటలతో 'ది లయన్ స్లీప్స్ టునైట్' చేసి అమెరికాలో మొదటి స్థానం కొట్టింది. లిండా 1962లో పేదరికంలోనే చనిపోయాడు. సమాధి రాయి పెట్టడానికి ఆయన భార్యకు 18 ఏళ్లు పట్టింది. 1994లో 'ది లయన్ కింగ్' సినిమాలో మీరు విన్నది ఈ పాటనే.

2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా రచయిత 'రోలింగ్ స్టోన్' పత్రికలో ఈ పాట ఏ చేతి నుంచి ఏ చేతికి మారిందో మెట్టు మెట్టుగా రాశాడు. న్యాయవాదులు ఒక పాత చట్టం వెలికితీశారు. బ్రిటిష్ సామ్రాజ్యపు 1911 కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత హక్కులు అమ్ముకున్నా ఆయన చనిపోయిన 25 ఏళ్లకు అవి వారసులకు తిరిగి రావాలి. అంటే 1987 నుంచి అవి లిండా కూతుళ్లవి. 2004లో డిస్నీ మీద దావా పడింది, 2006 ఫిబ్రవరిలో హక్కులున్న సంస్థతో రాజీ కుదిరింది. గతానికి పరిహారం, ముందు వచ్చే దానిలో వాటా, రచయితల్లో లిండా పేరు.

మన చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండండి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణల్లో 31సి సెక్షన్ కవర్ పాటల గురించే. మొదటి రికార్డింగు జరిగిన ఏడాది తర్వాత అయిదేళ్లు గడవాలి, హక్కుదారుకు ముందుగా నోటీసు, రాయల్టీ ఇవ్వాలి. 38బి సెక్షన్ ప్రదర్శకుడికి తన పేరు చెప్పించుకునే హక్కు ఇచ్చింది. తరతరాల పాటకు రచయితగా ఎవరి పేరూ రాయలేకపోవచ్చు. కానీ దాన్ని మీ ఫోన్ ముందు కూర్చుని పాడిన అవ్వ ఆ చట్టం లెక్కలో ప్రదర్శకురాలే. ఈసారి జాతరలో పాట ఎక్కించుకునేటప్పుడు ముందు ఆమెను అడగండి, పేరు, ఊరు, గోత్రం, తేదీ ఆమె నోటితోనే పాటకు ముందు చెప్పించండి. విడిగా రాసిపెట్టుకుంటే ఫైలు ఒక చోటికి, కాగితం ఇంకో చోటికి పోతాయి.