అత్యవసర గర్భనిరోధం: స్త్రీ సాధికారతలో అవగాహన పాత్ర

భారతదేశం 1952లోనే కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. అయితే ఆచరణలో అది క్రమంగా శస్త్రచికిత్స చుట్టూనే తిరిగింది. 1977 తరువాత ఆ భారం ప్రధానంగా స్త్రీలపై పడింది. నేటికీ ఆంధ్రప్రదేశ్‌లో ఆధునిక గర్భనిరోధమంటే దాదాపుగా స్త్రీల శస్త్రచికిత్సే. పెళ్లికీ శస్త్రచికిత్సకూ నడుమ గడిచే సంవత్సరాలలో స్త్రీకి ఉన్న ఎంపికలు స్వల్పం.

ఈ నేపథ్యంలో లెవోనార్జెస్ట్రెల్ మాత్ర 2002-03లో జాతీయ కార్యక్రమంలో చేరింది. 2005లో వైద్యుని చీటీ అవసరం తొలగింది. 2011లో మొదలైన పథకం ద్వారా ఆశా కార్యకర్తలు దానిని 2 రూపాయలకే ఇంటివద్ద అందించసాగారు.

అయినా అందుబాటు ఒక్కటే చాలదు. మాత్రను 72 గంటలలోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. కనుక దాని గురించిన జ్ఞానం అవసరానికి ముందే ఉండాలి. ఇది అండం విడుదలను ఆపుతుంది లేదా ఆలస్యం చేస్తుంది. ఏర్పడిన గర్భాన్ని తొలగించదు. ఈ భేదం తెలియని స్త్రీ దానిని గర్భస్రావపు మందుగా భావించి వెనుకాడవచ్చు. కార్యక్రమ చరిత్రలో స్త్రీ చిరకాలం లక్ష్యాల లెక్కలో ఒక సంఖ్యగా మిగిలింది. ఆమెను నిర్ణేతగా నిలపగలిగేది మాత్ర కాదు, సకాలంలో అందిన ఆ ఎరుకే.