లావు స్కీల పూర్వాపరాలు

కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళకి చలికాలం రెండు రకాలు. ఇంటి దగ్గర ముసురు, నాలుగు గంటలు తూర్పుగా కారు తోలితే టాహో సరస్సు చుట్టూ నిలువెత్తు మంచు. పిల్లలకి స్కీయింగ్ నేర్పిద్దామని వెళ్ళి, వాళ్ళు పెద్దవాళ్ళై మనతో రావడం మానేశాక కూడా ఆ అలవాటు వదులుకోలేని తల్లిదండ్రులు మనలో కొందరున్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ముప్ఫై అయిదు దాటాక మొదలుపెట్టాను కాబట్టి ఒళ్ళు మాట వినడం తక్కువ, బుర్ర ప్రశ్నలు వెయ్యడం ఎక్కువ. ఆ ప్రశ్నల్లో ఒకదానికి వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం.

స్కీలు కొనడానికి వెళ్తే దుకాణంలో ముందుగా అడిగేది "నడుము ఎంత కావాలి?" అని. మన నడుము గురించి కాదు, కంగారు పడకండి. స్కీ మధ్యలో, సరిగ్గా బూటు కింద ఉండే వెడల్పుని నడుము అంటారు, మిల్లీమీటర్లలో చెబుతారు. యంత్రాలతో చదును చేసిన గట్టి మంచుకి 70, 80. అన్నిటికీ ఒకే జత కావాలంటే 95, 100. రాత్రంతా కురిసి మోకాలి లోతు, తొడ లోతు పడ్డ మెత్తటి మంచుకి, అంటే ఇక్కడివాళ్ళు పౌడర్ అని పిలుచుకునే దానికి, 110 నుంచి 120, ఆ పైన కూడా. నేను ఎంచుకున్నవి 112. ఒకరోజు లిఫ్ట్ కుర్చీలో పక్కన కూర్చున్న పెద్దాయన వాటిని చూసి, "ఇవి తొడుక్కుంటే ఎవరైనా తేలతారు, అందులో నేర్పేముంది?" అన్నాడు నవ్వుతూ. సరదాగా అన్నమాటే అయినా దాని వెనకాల ఒక తీర్పు ఉంది: సన్నటి స్కీల మీద వచ్చిందే విద్య, లావు స్కీల మీద వచ్చింది దొంగ విద్య. ఇది నిజమేనా? సన్నటిదే అసలైనదని ఎవరు, ఎప్పుడు నిర్ణయించారు?

మొదట్లో లావే

నార్వేలో డిగెర్‌వార్డెన్ అనే చోట కొండ మీది మంచు కరిగి 2014లో ఒక స్కీ బయటపడింది. దాని జోడు ఏడేళ్ళ తరవాత, 2021లో, ఆ దగ్గర్లోనే దొరికింది. సుమారు 1300 ఏళ్ళ నాటివి. పాదాన్ని కట్టుకునే బంధాలు కూడా మిగిలే ఉన్నాయి. రెండోదాని పొడవు 187 సెంటీమీటర్లు, వెడల్పు 17. అంటే మన దుకాణం లెక్కలో 170! నా 112ని చూసి నవ్విన పెద్దాయన వీటిని చూస్తే ఏమనేవాడో.

ఆసియాలో అల్తాయ్ పర్వతాల్లో కూడా అంతే. అక్కడి వేటగాళ్ళ స్కీలు వెడల్పాటి చెక్కలు. అడుగున గుర్రపు తోలు. వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి కిందికి వచ్చేటప్పుడు హాయిగా జారతాయి, పైకి ఎక్కేటప్పుడు మంచుని పట్టుకుంటాయి. లిఫ్టులు, చదును చేసే యంత్రాలు లేని లోకంలో మంచంటే మెత్తటి మంచే. దిగబడకపోవడమే మొదటి అవసరం.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, చిన్న లెక్క వేశాను. బట్టలూ బూట్లతో కలిపి మనిషి 80 కిలోలు అనుకుందాం. స్కీని దీర్ఘచతురస్రంగా తీసుకుంటే ఇది ముతక లెక్కే, కానీ పోలికకి చాలు. 1980ల నాటి 205 సెంటీమీటర్ల పొడవు, 6.8 వెడల్పు స్కీల జత మీద నిలబడితే చదరపు సెంటీమీటరుకి సుమారు 29 గ్రాముల బరువు పడుతుంది. 185 పొడవు, 11.5 వెడల్పు అయితే 19 గ్రాములు. ఆ నార్వే పాత స్కీల మీద 13 గ్రాములు మాత్రమే. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకి ఇదేమీ కొత్త పాఠం కాదు. దమ్ము చేసే ట్రాక్టరుకి వెడల్పాటి ఇనుప కేజ్‌వీల్స్ ఎందుకు తగిలిస్తారో ఏ రైతునడిగినా చెబుతాడు. ఆ చక్రాలతో తారు రోడ్డెక్కితే ఏమవుతుందో కూడా చెబుతాడు. ఈ రెండో మాట తరవాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

సన్నబడిన కాలం

ఆధునిక స్కీకి ఆకారం ఇచ్చిన ఘనత నార్వేలోని టెలిమార్క్ ప్రాంతానిది. ముందూ వెనకా వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా ఉంటే స్కీ తనంతట తనే వంపు తిరుగుతుంది. ఆ స్కీల మీద 1868లో క్రిస్టియానియా, అంటే నేటి ఓస్లో జనాన్ని ఆశ్చర్యపరిచినవాడు సోండ్రె నోర్‌హైమ్. ఆయన 1884లో అమెరికాకి వలస వచ్చి, స్కీ చెయ్యడానికి కొండలు లేని నార్త్ డకోటా మైదానంలో 1897లో కన్నుమూశాడు. నేర్చిన విద్యకి చోటులేని ఊరు చేరడమంటే ఏమిటో వలసవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మన టాహో దారిలో తగిలే ప్లేసర్‌విల్‌కీ ఒక టెలిమార్క్ కథ ఉంది. 1827లో అక్కడ పుట్టి చిన్నతనంలోనే అమెరికా వచ్చిన జాన్ థాంప్సన్, 1856 నుంచి సుమారు ఇరవై చలికాలాలు ఇక్కడి నుంచి సియెర్రా పర్వతాలు దాటి టపా మోశాడు. ఆయన స్కీలు దాదాపు పదడుగుల పొడవు, పది కిలోల పైన బరువు. వెడల్పు తక్కువైతే పొడవుతో సరిపెట్టడం ఒక పద్ధతి. ఆయన తిప్పలకి తగిన జీతం మాత్రం చివరిదాకా అందలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి లిఫ్టు. 1936లో ఐడహోలోని సన్ వ్యాలీలో మొదటి కుర్చీ లిఫ్టు మొదలైంది. అరటిగెలల్ని ఓడల్లోకి ఎక్కించే యంత్రాన్ని చూసి తీసుకున్న ఊహ అది. లిఫ్టు వచ్చాక ఒకే వాలు మీద వందలమంది దిగుతారు, మంచు గట్టిపడుతుంది. రెండోది పందెం. అదే 1936లో కొండ వాలు పందేలు ఒలింపిక్స్‌లోకి వచ్చాయి. 1960లో మన టాహో పక్కనే జరిగిన ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌కి చెందిన జాన్ వ్యువార్నే లోహపు స్కీల మీద బంగారు పతకం గెలిచాడు.

గట్టి మంచుకీ పందేనికీ సన్నటి స్కీయే సరైనది. అంచు బూటుకి దగ్గరగా ఉంటుంది, కాలు కాస్త వాల్చగానే మంచుని కోస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. తప్పల్లా పందెంలో నెగ్గిన స్కీ అన్నిరకాల మంచుకీ కొలబద్ద కావడమే. యూటాలోని ఆల్టాలోనో, హాన్స్ గ్మోజర్ 1965లో హెలికాప్టరుతో జనాన్ని కొండలెక్కించడం మొదలుపెట్టిన కెనడా బుగబూస్‌లోనో మెత్తటి మంచులో దిగాలంటే, రెండు కాళ్ళూ దగ్గరపెట్టి లయగా ఎగురుతూ పోవాలి. చూడ్డానికి నాట్యంలా ఉండేది. ఏళ్ళ తరబడి సాధన చేస్తేగాని వచ్చేది కాదు. ఆ విద్య గొప్పది, సందేహం లేదు. కానీ అది పనిముట్టులోని లోటుని ఒంటితో పూడ్చుకోవడం కూడా.

"మోసగాళ్ళ" వరస

స్కీల చరిత్రలో "మోసం" అన్న నింద లావు స్కీలతో మొదలవలేదు. విమానాల కంపెనీలో పనిచేసిన హోవర్డ్ హెడ్ అనే ఇంజనీరు 1950లో అల్యూమినియం పొరల మధ్య చెక్క పెట్టిన స్కీని అమ్మకానికి తెచ్చాడు. తేలిగ్గా తిరిగేది కాబట్టి దాన్ని "మోసగాడు" అని ముద్దుపేరుతో పిలిచారు. ఆ మనిషే తరవాత టెన్నిస్ వైపు వెళ్ళి 1976లో పెద్ద తలకాయ రాకెట్ తెచ్చాడు. మొదట నవ్వారు; తరవాత అందరూ కొన్నారు.

1980ల చివర్లో ఆస్ట్రియాలోని అటామిక్ కంపెనీ ఇంజనీరు రూపర్ట్ హూబర్ అప్పటికే మంచు కొండల్ని ఊపేస్తున్న స్నోబోర్డుల్ని గమనించాడు. ఒక్క పలక మీద కుర్రాళ్ళు తేలుతుంటే రెండు పలకల మీద ఎందుకు తేలకూడదు? స్నోబోర్డుని నిలువునా రెండుగా కోసి చూశాడని చెబుతారు. దాని నుంచి పుట్టింది పౌడర్ ప్లస్. నడుము సుమారు 11 సెంటీమీటర్లు. "లావుపాటి అబ్బాయిలు" అన్న పేరు స్థిరపడింది. కెనడాలో హెలికాప్టర్ స్కీయింగ్ నడిపే మైక్ వీగెలె లాంటివాళ్ళు దీని విలువ ముందుగా గ్రహించారు. డబ్బు కట్టి వచ్చిన అతిథి మధ్యాహ్నానికే కాళ్ళు పీకి కూలబడకుండా సాయంత్రం దాకా దిగగలుగుతున్నాడు. కుర్రకారు మాత్రం ముసలివాళ్ళ స్కీలని ఎగతాళి చేశారు.

ఆ ఎగతాళికి తెరదించినవాడు ముసలివాడు కాదు. వాంకూవర్‌లో పుట్టి టాహో కొండల్లో పేరు తెచ్చుకున్న షేన్ మకాంకీ ఆ కాలపు అత్యంత సాహసి. లోతు మంచు నేల కంటే నీటికే దగ్గర అన్నది ఆయన వాదన. 2001లో అలాస్కాలో నీటిమీద వాడే స్కీలకి బంధాలు బిగించి కొండ దిగి చూపించాడు. 2002లో వోలాంట్ కంపెనీ ఆయన ఊహతో స్పాటులా అనే స్కీ తెచ్చింది. అందులో అంతా తలకిందులే: నడుమే అన్నిటికన్నా వెడల్పు, 125 మిల్లీమీటర్లు, కొసలు సన్నం. మామూలు స్కీ మధ్యలో విల్లులా పైకి లేచి ఉంటే, ఇది పడవ అడుగులా రెండు కొసలా పైకి లేచింది. దీన్నే రాకర్ అంటున్నారు. 2009 మార్చిలో ఇటలీలో ఒక సాహసంలో మకాంకీ చనిపోయాడు. కానీ ఇవాళ దుకాణంలో కనిపించే స్కీల్లో చాలావాటి ముందు కొసలో ఆయన ఆలోచన ఉంది.

తేలడం వేరు, తెలియడం వేరు

ఇక నా 112 సంగతి. 125 ఎందుకు తీసుకోలేదంటే, కేజ్‌వీల్స్ తారు రోడ్డెక్కే సమస్య. పొద్దున తొమ్మిదింటికి తొడ లోతున్న మంచు పదకొండుకల్లా జనం తొక్కి గుట్టలు గుట్టలవుతుంది. గట్టి మంచు మీద వెడల్పు స్కీని అంచుకి వాల్చాలంటే మోకాలి మీద భారం ఎక్కువ. నలభైల్లో ఉన్నవాడికి మోకాలు కూడా లెక్కలో ఒక అంకే. పైగా మా సియెర్రా మంచులో నీటి పాలు ఎక్కువ. యూటా మంచంత తేలికైనది కాదు, కాబట్టి తేలడానికి అంత వెడల్పు అక్కర్లేదు.

లావు స్కీలు వచ్చాక పోయిందేమిటి? ఆ నాట్యం అరుదైపోయింది. కొత్త మంచు గంటల్లో అయిపోతోంది. అంతకన్నా పెద్దది ఇంకొకటి. పాతవాళ్ళకి ఆ లోతు మంచు దాకా చేరడానికి పట్టిన ఏళ్ళలోనే మంచు స్వభావం కూడా తెలిసేది. ఇప్పుడు రెండు చలికాలాల అనుభవంతో అక్కడికి చేరగలం. చెట్ల మొదళ్ళ చుట్టూ మంచు వదులుగా ఉండే గుంతల్లో తలకిందులుగా పడితే ఒంటరిగా బయటపడడం చాలా కష్టం. 2024 జనవరి 10న మా టాహోలోనే, పాలిసేడ్స్ స్కీ కేంద్రం హద్దుల లోపలే, కె.టి.-22 అనే కొండ మీద లిఫ్టు తెరిచిన కాసేపటికి మంచుచరియ విరిగిపడి ఒకరు చనిపోయారు. చరియ కింద పడ్డాక నడుము వెడల్పు ఎవరినీ కాపాడదు. అందుకే లోతు మంచు రోజున స్కీల కంటే ముందు నేను చూసుకునేవి రెండు: ఆ పొద్దుటి మంచుచరియల హెచ్చరిక, నన్ను కంటి చూపులో ఉంచుకునే తోడు.

ఆ పెద్దాయనకి జవాబు ఇప్పుడు చెప్పగలను. లావు స్కీ మోసం కాదు. పందెం కొలబద్ద కింద మరుగునపడ్డ పాత జ్ఞానం తిరిగి రావడం. దాని వల్లనే ముప్ఫై అయిదేళ్ళ దాకా మంచు మొహం చూడని నాలాంటివాడికి ఆ తేలికదనం దక్కింది. అందులో నేర్పేముందని ఆయన అడిగిన ప్రశ్నలోనూ సగం నిజం ఉంది. నేర్పు కాళ్ళలో తగ్గినంత మేరా బుర్రలో పెరగాలి. మంచుని చదవడం నేర్చుకోవలసిన పనిని ఏ పలకా తగ్గించలేదు.