బ్రేకు పట్టి చూశినవా? కెరమెరి ఘాట్ నుంచి మౌంటెన్ సైకిల్ చరిత్ర దాకా

ఉట్నూర్ నుంచి మాట్లాడుతున్న. ముందుగాల నా చేతిల ఉన్నది చూడుండ్రి. చిన్న బోల్టు. సైకిల్ వి-బ్రేకుల కేబుల్‌ను పట్టి ఉంచేది ఇదే. ఇది సరిగ్గా బిగించనందుకే నా కాలర్ బొక్క విరిగింది.

ఎట్లనో చెప్తా. జైనూర్ దాటి కెరమెరి వైపు పోతుంటే ఘాట్ వస్తది కదా. మలుపు మీద మలుపు, ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు లోయ. అప్పుడు నాది కొత్త సైకిల్. 21 గేర్లు, ముందు ఫోర్కుకు స్ప్రింగులు, ఫ్రేమ్ మీద పెద్ద అక్షరాలతో ఎంటీబీ అని స్టిక్కర్. జోడేఘాట్ పోయి వద్దామని ఇద్దరు దోస్తులతో బయలుదేరిన. ఘాట్‌ల మూడో మలుపు దగ్గర ముందు బ్రేకు గట్టిగ పట్టిన. లివర్ వచ్చి హ్యాండిల్‌కు తాకింది. కేబుల్ జారిపోయింది. వెనక బ్రేకు ఒక్కటే పడితే టైరు జారింది. నేను పోయి పక్క మోరీల పడ్డ. లోయ దిక్కు పడి ఉంటే ఈ వీడియో ఉండేది కాదు.

కట్టు విప్పినంక సైకిల్‌ను మా ఊరి పాత మెకానిక్ తాత దగ్గరికి తీసుకపోయిన. ఒకప్పుడు ఆయనది సైకిల్ టాక్సీ. మీలో చిన్నోళ్లకు తెల్వకపోవచ్చు, సైకిల్ టాక్సీ అంటే సైకిళ్లు గంటల లెక్కన అద్దెకిచ్చే దుకాణం. తాత సైకిల్ చుట్టూ ఒక్కసారి తిరిగిండు. "ముందు ఫోర్కు ఉల్టా పెట్టిండ్రు, ఎరుకేనా?" అన్నడు. నాకు ఎరుక లేదు. నాలుగు నెలలు అట్లనే తొక్కిన. తర్వాత బోల్టు చూశి ఒక్కటే అడిగిండు: "నేను అద్దెకిచ్చే సైకిల్‌కు కూడా రెండు బ్రేకులు పట్టి చూశి ఇచ్చేటోన్ని. నువ్వు నీ సొంత సైకిల్‌కు పట్టి చూశినవా?"

ఆ మాటతోనే నేను ఈ సైకిల్ చరిత్ర చదువుడు మొదలుపెట్టిన. చదివినంక అర్థమైంది ఏందంటే, మౌంటెన్ సైకిల్ పుట్టిందే రిపేరు చేసుకునే అలవాటులోంచి. మనం స్టిక్కర్ తెచ్చుకున్నం, అలవాటు తెచ్చుకోలేదు. ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందు మన దగ్గరి సంగతి. ఈ గుట్టల్లో చాలా కాలం దారి అంటే కాలిబాట, లేదంటే ఎడ్లబండి బాట. నాగోబా జాతరకు గోదావరి నీళ్లు తెచ్చే మెస్రం వంశస్థులు ఇప్పటికీ కాలినడకనే పోతరు. సైకిల్ ఈ బాటల మీదికి తర్వాత వచ్చింది. మొదట్లో సైకిళ్లు ఇంగ్లండ్ నుంచి దిగుమతి అయ్యేవి. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలోనే పెద్ద ఫ్యాక్టరీలు లేచాయి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో. మన తాతల నల్ల సైకిల్ అక్కడి నుంచి వచ్చిందే. 28 అంగుళాల చక్రాలు, ఇనుప కడ్డీలతో లాగే బ్రేకులు, చైన్‌కు నిండా కవరు. సీటు అందక ఫ్రేమ్ మధ్యలోంచి కాలు దూర్చి తొక్కిన తరం ఇంకా మన ఇండ్లల్ల ఉన్నది.

ఆ సైకిల్‌కు గేర్లు లేవు, స్ప్రింగులు లేవు. అయినా దాని మీద జొన్నల సంచి, పాల క్యాన్లు, వెనక ఒక మనిషి. ఎక్కుడు వస్తే దిగి నూకేది, దిగుడు వస్తే దిగి పట్టుకొని నడిపించేది. దాని బ్రేకు మీద నమ్మకం ఎంతవరకో తొక్కేటోనికి తెల్సు. ముఖ్యంగా, ఇంట్లో ఒక పానా, ఒక గాలి పంపు, కొంచెం గిరీజు ఉండేవి.

ఇప్పుడు సముద్రం దాటి అమెరికా పోదాం. కాలిఫోర్నియాల మారిన్ కౌంటీ అని ఒక చోటు. 1970లలో అక్కడి పోరగాండ్లు పాత ఇనుప సైకిళ్లు వెతికి కొనేవాళ్లు. ష్విన్ కంపెనీ 1930ల నుంచి అమ్మిన బరువైన సైకిళ్లు అవి. ఆ కంపెనీ 1933లో వెడల్పు బెలూన్ టైర్లు తెచ్చింది, 26 అంగుళాల చక్రం మీద. పాత ఎంటీబీల చక్రం 26 అంగుళాలే ఎందుకుంటదో చాలామందికి తెల్వది. అది ఈ పాత సైకిళ్ల నుంచి వచ్చిన కొలత.

ఈ సైకిళ్లతో వాళ్లు గుట్ట మీది మట్టిబాటలో కిందికి దిగేటోళ్లు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర పోటీ పెట్టుకున్నరు. దారి సుమారు 3.4 కిలోమీటర్లు, దిగుడు దాదాపు 400 మీటర్లు. ఆ సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే వెనక హబ్బులో బ్రేకు పడేది. గుట్ట దిగేసరికి హబ్బు వేడెక్కి లోపలి గిరీజు పొగలు కక్కుతూ కాలిపోయేది. ప్రతిసారీ కిందికి వచ్చినంక హబ్బు విప్పి మళ్లీ గిరీజు నింపాలి. ఇంగ్లీషులో అట్లా మళ్లీ నింపుడును రీప్యాక్ అంటరు. ఆ దారికి, ఆ పోటీకి పేరు అదే పడ్డది: రీప్యాక్. చూశిండ్రా, మౌంటెన్ సైకిల్ చరిత్రలో అన్నిటికంటే పేరున్న పోటీకి పేరు పెట్టింది ఒక రిపేరు పని.

హబ్బు బ్రేకు ఆగుతలేదని వాళ్లు డ్రమ్ము బ్రేకులు పెట్టిండ్రు, మోటర్ సైకిల్ లివర్లు బిగించిండ్రు. పాత ఫ్రేములు విరుగుతున్నయని 1977లో జో బ్రీజ్ అనే ఆయన కొత్త ఫ్రేము సొంతంగా కట్టిండు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి మౌంటెన్‌బైక్స్ పేరుతోనే చిన్న కంపెనీ పెట్టిండ్రు, ఫ్రేములు కట్టింది టామ్ రిచీ. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే సైకిల్‌ను ఎక్కువ సంఖ్యలో తయారు చేయించి అమ్మింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు వచ్చేసరికి ఈ ఆట పతకాల పట్టికలో చేరింది. 20 ఏండ్లల్ల గుట్ట మీది పోరగాండ్ల ఆట ఒలింపిక్స్‌కు పోయింది.

ఇగ మన సైకిల్‌కు వద్దాం. ఒక్కో పార్టు ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని ఎట్లా చూసుకోవాల్నో అదే తెలుస్తది.

మొదటిది బ్రేకు. రీప్యాక్ పోరగాండ్లకు వచ్చిన సమస్యే మనకూ వస్తది: వేడి. కెరమెరి ఘాట్ పైనుంచి కిందిదాకా బ్రేకు ఆపకుండా పట్టుకొనే ఉండొద్దు. గట్టిగ పట్టు, వేగం తగ్గించు, వదులు, చల్లారనియ్యి. మలుపులోకి పోకముందే వేగం తగ్గాలె, మలుపు మధ్యల కాదు. బ్రేకు పడ్డప్పుడు బరువంతా ముందుకు వస్తది కాబట్టి ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే. అందుకే ముందు బ్రేకుకు భయపడొద్దు, కానీ ఒక్కసారి గుంజొద్దు. రెండు బ్రేకులూ కలిపి పట్టుండ్రి, నడుము వెనక్కి జరుపుండ్రి.

వి-బ్రేకు ఉంటే రబ్బర్ల మీది గాడులు అరిగిపోయినయా చూడుండ్రి. అరిగితే మార్చుండ్రి, అవి పెద్ద ఖర్చు కాదు. వానాకాలం మన నల్లరేగడి బురద బ్రేకుకు, టైరుకు మధ్యల ఇరుక్కొని చక్రమే తిరగనియ్యది. ఆ బురదల ఉన్న ఇసుక రిమ్మును కూడా గీకేస్తది. డిస్క్ బ్రేకుకు ఈ బాధ తక్కువ. కానీ ఆ డిస్క్ మీద నూనె చుక్క పడొద్దు, నూనె చేతితో ముట్టుకోవద్దు. చైన్‌కు స్ప్రే కొట్టేటప్పుడు అది ఎగిరి డిస్క్ మీద పడుడు చాలామంది చేసే తప్పు. హైడ్రాలిక్ అయితే చక్రం తీసినప్పుడు లివర్ నొక్కొద్దు. లోపలి ఆయిల్ కూడా ఏ కంపెనీ ఏది చెప్పిందో అదే పొయ్యాలె, ఒకదానిల ఒకటి కలపొద్దు.

రెండోది టైరు. గాలి టైరును 1888లో పేటెంట్ చేసింది జాన్ డన్‌లప్, బెల్ఫాస్ట్‌లో పశువుల డాక్టర్. కొడుకు మూడు చక్రాల సైకిల్ గతుకుల మీద కుదుపుతుందని చేసిండు. అంటే గాలి టైరు పుట్టిందే కుదుపు తగ్గించేందుకు. మనోళ్లు రాయిలెక్క గట్టిగ కొట్టిస్తరు. టైరు పక్కన ఎంత నుంచి ఎంత దాకా కొట్టాల్నో అచ్చు వేసి ఉంటది. మట్టిబాటకు అందులో తక్కువ వైపు, తారు రోడ్డుకు ఎక్కువ వైపు. మన అడవిల ముండ్లకు కొదువ లేదు. పంచర్ అయితే ట్యూబు మార్చి తొందరపడి టైరు ఎక్కియ్యకుండ్రి. ముందుగాల టైరు లోపల చుట్టూరా మెల్లగ వేలు తిప్పి చూడుండ్రి. ముల్లు మొన అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా పది నిమిషాలల్ల పోతది.

మూడోది గేర్లు, చైన్. ఒకప్పుడు గేర్లంటే చేతగానోళ్ల పని అనుకునేవాళ్లు. టూర్ డి ఫ్రాన్స్‌లో చైన్‌ను ఒక పండ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే డీరైలర్ గేర్లకు 1937 దాకా అనుమతే లేదు. కాబట్టి ఎక్కుడులో చిన్న గేరు వేస్తే దోస్తులు నవ్వితే నవ్వనియ్యుండ్రి. ఎక్కుడు మొదలుకాకముందే గేరు మార్చుండ్రి. బలంగ తొక్కుతున్నప్పుడు మారిస్తే చైన్ తెగుతది.

చైన్ అరుగుదల చూసేందుకు షాపుకు పోవాల్సిన పని లేదు, బడి స్కేలు చాలు. సైకిల్ చైన్‌ల ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు అర అంగుళం. సున్న గీతను ఒక పిన్ను మధ్యల పెట్టుండ్రి. అక్కడి నుంచి లెక్కపెడితే 24వ పిన్ను మధ్య సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలె. అంగుళంల పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే చైన్ మార్చే టైమ్ వచ్చినట్టు. మూడు మిల్లీమీటర్లు దాటితే వెనక పండ్ల చక్రం కూడా పాడైనట్టే. చైన్‌కు పాత ఇంజన్ ఆయిల్ పొయ్యొద్దు, అది దుమ్మును గుంజుతది. కొంచెం పల్చటి నూనె ప్రతి రోలరు మీద ఒక చుక్క, తర్వాత బయట మొత్తం గుడ్డతో తుడుచుడు. నూనె పని లోపల, బయట కాదు. బండ్ల వాషింగ్ దగ్గర ప్రెషర్ నీళ్లు హబ్బుల్లోకి, పెడల్ ఇరుసులోకి కొట్టియ్యొద్దు. లోపలి గిరీజు కొట్టుకపోతది.

నాలుగోది ముందు ఫోర్కు. సస్పెన్షన్ ఫోర్కు మౌంటెన్ సైకిళ్లల్ల పేరు తెచ్చుకున్నది 1989 తర్వాత, రాక్‌షాక్స్ కంపెనీ నుంచి. చౌక సైకిళ్లకు పెట్టే స్ప్రింగు ఫోర్కు అది కాదు. బరువు పెంచుతది, కుదుపును సరిగ్గ ఆపది. తక్కువ పైసలల్ల కొనేటోళ్లు స్ప్రింగు లేని గట్టి ఫోర్కు, మంచి బ్రేకులు ఉన్నది తీసుకోండ్రి. ఇంకో మాట: వి-బ్రేకు సైకిల్‌కు ముందు బ్రేకు చేతులు ఫోర్కుకు ముందు వైపు ఉండాలె. వెనక వైపు కనబడితే, నాకు పెట్టిచ్చినట్టే మీకూ ఫోర్కు ఉల్టా పెట్టిండ్రు.

ఇగ హెల్మెట్. సైకిల్ కోసం థర్మోకోల్ లాంటి నురుగు పొరతో బెల్ కంపెనీ 1975లో హెల్మెట్ తెచ్చింది. ఆ పొర పని నలిగిపోవుడే. తలకు తగలాల్సిన దెబ్బను అది తీసుకొని నలుగుతది, మళ్లీ మామూలు కాదు. అందుకే ఒక్కసారి గట్టిగ పడ్డ హెల్మెట్‌ను, బయట బాగనే కనబడ్డా, మళ్లీ పెట్టుకోవద్దు. కనుబొమ్మల మీద రెండు వేళ్ల ఎడంల ఉండాలె, వెనక్కి జారి ఉండొద్దు. ఆ రోజు నేను పెట్టుకున్నదానికి పెద్ద పగులు పట్టింది. నా తలకు పట్టలేదు. చెప్పులతో ఘాట్ దిగొద్దు, బూట్లు వేసుకోండ్రి. గ్లవ్స్ కూడా, ఎందుకంటే పడేటప్పుడు ముందుగాల చెయ్యే నేలకు ఆనుతది.

చివరిగా, ఇప్పుడు నేను ప్రతిసారి చేసేది చూపిస్తా, ఒక్క నిమిషం పని. రెండు బ్రేకులూ బలం కొద్ది పట్టాలె, లివర్ హ్యాండిల్‌కు తాకొద్దు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపాలె, హ్యాండిల్ దగ్గర టకటక అంటే అక్కడ లూజు ఉన్నట్టు. ముందు చక్రం ఎత్తి పైనుంచి గట్టిగ కొట్టాలె, ఊడొద్దు. టైరును బొటనవేలుతో నొక్కాలె. పెడల్ వెనక్కి తిప్పి చైన్ చప్పుడు వినాలె. అంతే.

తాత ఇప్పుడు దుకాణం తియ్యట్లేదు, చూపు తగ్గింది. పోయిన వారం నా సైకిల్ ఆయన ఇంటి ముందల ఆపిన. ముందు బ్రేకు లివర్ తడిమి చూశి, రెండు సార్లు పట్టి, "ఇగ పో" అన్నడు. ఈ వీడియో ఆపినంక మీరు కూడా పోయి మీ సైకిల్ బ్రేకు పట్టి చూడుండ్రి. ఫోర్కు ఉల్టా ఉన్నోళ్లు ఎంతమందో కింద రాయండ్రి, సిగ్గు పడొద్దు, నేను నాలుగు నెలలు తొక్కిన. ఉంటా మరి.