నేల, నులక, ఫోమ్: నడుం నొప్పి, మన పడకల చరిత్ర



పోయిన ఎండాకాలం మా రూమ్మేట్ వాళ్ల అన్నకి నాచారంలో బస్తాలు మోస్తుంటే నడుం పట్టేసింది. మల్లాపూర్‌లో ఆరుగురు సర్దుకునే రూంలో ఉంటాడు. చూసినోళ్లందరిదీ ఒకటే మాట: "పరుపు తీసెయ్ తమ్మీ, నెల రోజులు గట్టి నేల మీద కదలకుండా పడుకో." ఇరవై రోజులు అట్లనే పడుకున్నాడు. కూలి పోయింది గాని నొప్పి పోలేదు. ఆదివారం ఆయన్ని చూసి వస్తుంటే మాకు అనుమానం వచ్చింది. అసలు ఈ మాట ఎక్కడిది? నిజమేనా? చదివి, ఇళ్లకి ఫోన్ చేసి పెద్దోళ్లని అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు మన ఇళ్ల సంగతి. మా రూంలో నలుగురం. ఇద్దరం లంబాడీలం, ఒకరు కోయ, ఒకరు గోండు. నాలుగు ఇళ్లలోనూ తాతల కాలం పడకలు దాదాపు ఒకటే: ఈత చాప, నులక మంచం, పాత చీరలు కలిపి కుట్టిన బొంత. దిండులోకి అడవిలో ఏరిన బూరుగు దూది. నులక సాగి మంచం ఉయ్యాల లాగా అయితే కాళ్ల వైపు తాడు లాగి మళ్లీ బిగించేవాళ్లు. అట్లా బిగించకపోతే పొద్దున నడుం లేవదని మా తాత చెప్పాడు. చదువు రాని మనిషి చెప్పిన ఆ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

పరుపు అనేది అప్పట్లో ఊర్లో ఉన్నోళ్ల ఇంటి సామాను. దాన్ని చేసిచ్చింది దూదేకుల వాళ్లు. వాళ్ల పేరులోనే పని ఉంది. పెద్ద విల్లు నారి మీద కొడుతూ దూదిని ఏకి పరుపులు నింపేవాళ్లు. దూది గడ్డ కట్టినప్పుడల్లా విప్పి మళ్లీ ఏకాలి. మిషన్లు, ఫోమ్ వచ్చాక ఆ విల్లు చప్పుడు తగ్గిపోయింది. వాళ్ల చేతి పని కూడా మన చరిత్రలో భాగమే.

ఇప్పుడు మేముండే ఏఎస్ రావు నగర్ చూడండి. 1967లో మొదలైన ఈసీఐఎల్‌ని నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరు మీద వెలిసిన కాలనీ ఇది. ఇటు పరుపుల షాపుల్లో అంతా ఫోమే. దానికి మూలమైన పాలీయురేథేన్‌ని 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. మెమరీ ఫోమ్ 1966లో అమెరికా నాసా కోసం చేసింది, విమానం సీట్ల కుషన్ కోసం. మా హాస్టల్‌లో మాత్రం ఇనుప మంచం, దాని మీద మధ్యలో గుంట పడ్డ పాత పరుపు.

ఇక అసలు ప్రశ్న. "గట్టి బల్ల మీద వారాల తరబడి పడుకో" అనేది మనోళ్ల మాటే కాదు. పోయిన శతాబ్దంలో చాలా దేశాల్లో డాక్టర్లే అట్లా చెప్పేవాళ్లు. పరుపు కింద చెక్క పలక పెట్టించేవాళ్లు. దాన్ని లెక్కపెట్టి చూసింది తర్వాతనే.

1986లో అమెరికాలో రిచర్డ్ డెయో బృందం 203 మంది నడుం నొప్పి రోగుల్లో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు విశ్రాంతి చెప్పింది. కోలుకోవడంలో తేడా రాలేదు. కాకపోతే రెండు రోజులోళ్లు పనికి పోని రోజులు 45 శాతం తక్కువ. 1995లో ఫిన్లాండ్ హెల్సింకీలో 186 మంది నగర ఉద్యోగుల మీద చూస్తే, మంచం పట్టినోళ్లే అందరికంటే ఆలస్యంగా కోలుకున్నారు. ఓర్చుకోగలిగినంత వరకు మామూలు పనులు చేసుకున్నోళ్లు ముందు బాగయ్యారు.

పరుపు సంగతి 2003లో తేలింది. స్పెయిన్‌లో కోవాక్స్ బృందం చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందికి కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం పరుపు ఇచ్చింది. ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకే చెప్పలేదు. 90 రోజుల తర్వాత మధ్యరకం వాళ్లకే పడుకున్నప్పుడూ, లేచినప్పుడూ నొప్పి ఎక్కువ తగ్గింది. అంటే రాయిలా ఉండొద్దు, గుంటలా కుంగొద్దు. మా తాత నులక బిగించింది ఈ రెండో దానికే. అట్లని మనోళ్లు నేల మీద పడుకున్నది వైద్యం కోసమని గొప్పలు పోవద్దు. చాలాసార్లు వేరే ఏమీ లేక పడుకున్నారు.

అసలు కదలలేని రోగి కథ వేరు. 1944లో ఇంగ్లండ్ స్టోక్ మాండెవిల్‌లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము దెబ్బతిన్న సైనికులని రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్కకి తిప్పించాడు. దానివల్ల పడక పుండ్లు తగ్గి చాలామంది బతికారు. ఇంట్లో మంచాన పడ్డ పెద్దోళ్లు ఉంటే ఈ మాట మీ అమ్మానాన్నలకి చెప్పండి. అక్కడ కావాల్సింది గట్టి నేల కాదు, తిప్పే చేతులు.

మేము చేసింది చెప్తాం. గుంట పడ్డ పరుపు కింద ప్లైవుడ్ ముక్క వేసి, పైన ఇంటి బొంత మడిచి పరిచాం. ఇన్నాళ్లు ఆ బొంతని సిగ్గుపడి ట్రంకు పెట్టెలో దాచుకున్నాం. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద, పక్కకి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెడుతున్నాం. నిద్ర సరిగా లేకపోతే మరుసటి రోజు అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. కానిస్టేబుల్ రన్నింగ్ ప్రాక్టీస్ చేసేటోళ్లు ఇది తేలిగ్గా తీసుకోవద్దు.

కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా పరుపు, బొంత అని ఆగకండి, వెంటనే ఆసుపత్రికి పోండి. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. జీతంలో ఈఎస్ఐ కోస్తున్నారా, నంబర్ ఇచ్చారా అని కంపెనీల్లో చేసే మన అన్నలు, అక్కలు ఇవాళే అడగాలి. మా రూమ్మేట్ అన్న అడగలేదు. ఆ నంబర్ ఉందని కూడా ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆయన లేచి నడుస్తున్నాడు, తేలిక పనికి పోతున్నాడు. మీ గూడెంలో, తండాలో పడకకి ఏం వాడేవాళ్లో ఇంట్లో అడిగి రాయండి. మన పెద్దోళ్లు ఉన్నప్పుడే రాసి పెట్టుకుందాం.